జవాబు కార్డు

ఆ వేసవిలో మా ఊరి ఆసుపత్రికి కూలరు వచ్చింది. రోగులకి కాదు, కంప్యూటరుకి.

పురిటి గదిలో ఫ్యాను రెక్క ఒకటి వంకరపోయి రోజంతా టకటకా కొట్టుకునేది. దాని పక్క గదికి మాత్రం కిటికీలకి వట్టివేళ్ళ తడికలు కట్టారు, కొత్త తలుపు పెట్టారు, చెప్పులు బయట విడవాలని బోర్డు రాయించారు. నరసింహస్వామి కొండ మీద కూడా ఇంత నిష్ఠ లేదని మా అమ్మ బుల్లెమ్మ నవ్వేది. పసిపిల్లల టీకాల వివరాలన్నీ ఇకమీదట ఆ మిషనులో ఉంటాయిట. ముందు మా ఊళ్ళో పెట్టి చూసి, బాగుంటే మిగతా ఊళ్ళకి ఇస్తారట.

అది ఎనభై ఎనిమిదో సంవత్సరం. నాకు ఇరవైరెండేళ్ళు. మా పుట్టిల్లు మండపేటకి నాలుగు మైళ్ళు. నాన్న కిరాణా కొట్టుకి ఎదురుగానే ఆసుపత్రి. అత్తారిల్లు సామర్లకోట. మామూలుగా రెండో పురుడు అత్తారింట్లోనే పోస్తారు. కానీ మా అత్తగారికి అప్పుడే కంటి ఆపరేషను కావడంతో నన్ను పుట్టింటికే పంపారు. ఫిబ్రవరి ఆఖర్లో పాప పుట్టింది. నన్ను రైలెక్కించేటప్పుడు అత్తగారు రాజరాజేశ్వరి గారు చెప్పిన మాట ఒక్కటే. "పెద్దాడికి మీ ఊళ్ళో సూదులు పొడిపించే కాలు తీశారు. పుట్టబోయే బిడ్డని మాత్రం ఎవర్నీ ముట్టుకోనివ్వకు."

పెద్దాడు చినబాబుకి అప్పటికి నాలుగేళ్ళు నిండబోతున్నాయి. పదకొండో నెలలో సామర్లకోటలో వాడికి జ్వరం వచ్చింది. సైకిలు మీద తిరిగే డాక్టరు వచ్చి తుంటికి సూది వేశాడు. మూడో రోజుకి కుడికాలు వేలాడిపోయింది. పోలియో అన్నారు. మా అమ్మ మాట వేరు. "మేం టీకాలన్నీ వేయించే పంపాం. జ్వరంలో పొడిచిన సూది వల్లే పోయింది కాలు" అనేది. ఒకళ్ళు పుట్టింటి సూది అంటే ఒకళ్ళు అత్తింటి సూది అనేవారు. వాళ్ళిద్దరి మధ్యా చినబాబు కుడి మోకాలిని చేత్తో నొక్కి పట్టుకుని నడిచేవాడు.

టీకా కార్డు ఒకటి ఉండేది. అది ఎటు పోయిందో ఎవరికీ తెలీదు. ఎవరి మాట నమ్మాలో నాకూ తెలీదు. సూది అంటేనే నా అరచేతులు చెమర్చేవి.

ఏప్రిల్లో నర్సు రత్నమాణిక్యం గారు మా గడప దగ్గరికొచ్చారు. ఇరవై ఏళ్ళుగా మా ఊళ్ళో పుట్టిన ప్రతి బిడ్డనీ ఎత్తిన మనిషి ఆవిడ.

"పాపకి నెలన్నర నిండింది కదమ్మా. బుధవారం తీసుకొచ్చెయ్."

"జలుబుగా ఉందండి."

ఆవిడ ఉయ్యాల్లోకి వంగి చూశారు. "ముక్కు పొడిగానే ఉందే."

"లోపల జలుబండి."

"లోపలి జలుబా? దానికి మా దగ్గర మందు లేదు." ఆవిడకి కోపం రాలేదు. చినబాబు వైపు చూసి, నా వైపు చూసి, గొడుగు తెరుచుకున్నారు. "సరే, పై బుధవారం చూద్దాం. ఇంతకీ నువ్వు తొమ్మిది చదివావు కదూ?"

"తొమ్మిది సగంలో ఆగిపోయిందండి."

"సగమైనా చాలు. ఇంగ్లీషు అక్షరాలొచ్చు కదా. పాత రిజిస్టర్లన్నీ మిషనులోకి ఎక్కించాలిట. కొట్టడానికి ఇంజనీరు గారున్నారు. చదవడానికి మనిషి లేదు. నా రాత నాకే తెలీట్లేదు. నీకు మధ్యాహ్నం పనేముంటుంది? వచ్చి చదివి పెట్టు. పాపని కూలరు కింద పడుకోబెట్టుకో."

కూలరు మాట వినగానే అమ్మ ఒప్పుకుంది. నేను ఒప్పుకున్నది అందుకు కాదు. ఎనభైనాలుగో సంవత్సరం రిజిస్టరు అక్కడే ఉంటుంది.

*

ఇంజనీరు సూర్యనారాయణమూర్తి గారిది కోనసీమ. మహా అయితే ఇరవయ్యారేళ్ళుంటాయి. సన్నగా, చొక్కా జేబులో నాలుగు పెన్నులతో ఉండేవారు. చదివేటప్పుడు నేను తడబడితే తప్పు తనదేనన్నట్టు "పరవాలేదండి, నిదానంగానే చదవండి" అనేవారు.

మొదటి రోజే, ఆయన మంచినీళ్ళకి బయటికెళ్ళినప్పుడు, ఎనభైనాలుగు రిజిస్టరు తీసి గబగబా తిప్పాను. అందులో బిడ్డల పేర్లు లేవు. పురిట్లో బిడ్డకి పేరెక్కడిది? వరసంతా తండ్రి పేరు మీదే ఉంది. ఆ వరసంతా వేలితో వెతికాను. మా వారి పేరు ఎక్కడా లేదు. అంటే చినబాబుని అసలు తీసుకురానే లేదన్నమాట. అమ్మ ఇన్నేళ్ళూ అబద్ధమాడిందన్నమాట. రిజిస్టరు ఉన్నచోటే పెట్టేసి పాప పక్కన కూర్చున్నాను. ఇంటికెళ్ళి అమ్మని అడగడానికి నోరు రాలేదు.

అలా రెండు వారాలు చదివాను. ఆ రెండు బుధవారాలూ పాపకి లోపలి జలుబు తగ్గలేదు.

మిషనులో బిడ్డకో కార్డు. మే మొదట్లో ఒక రోజు నలభైమూడు కార్డులు కొట్టాక కరెంటు పోయింది. కూలరు ఆగింది, తెర నల్లబడింది. మూర్తి గారు రెండు చేతులతో తల పట్టుకున్నారు.

"ఏమైందండి?"

"పొద్దుటి నుంచి కొట్టిందంతా పోయిందండి. సాయంత్రం ఒకేసారి దాచేలా రాశాను. హైదరాబాదులో రాసేటప్పుడు కరెంటు పోతుందని తోచలేదు."

నేను వరండాలో కూర్చుని, అమ్మ పంపిన మల్లెమొగ్గలు అరటినారతో కడుతున్నాను. ఆయన వచ్చి మెట్టు మీద కూర్చుని ఊరికే నా చేతులకేసి చూస్తున్నారు.

"మీరు దండ గుచ్చినట్టున్నారండి," అన్నాను.

"అంటే?"

"సూదీ దారంతో గుచ్చితే తొందరగా అవుతుంది. కానీ దారం తెగిందంటే పువ్వులన్నీ నేలపాలే. ఇలా కడితే రెండు మొగ్గలకో ముడి పడుతుంది." నార ఒక చోట తెంపి చూపించాను. చివరి రెండు మొగ్గలే రాలాయి. మిగతా మాల అలాగే ఉంది. "తెగినా ఇంతే పోతుంది."

ఆయన ఆ మాలని తీసుకుని, ముడులు ఒక్కొక్కటీ వేలితో తడిమి చూసి తిరిగిచ్చారు. మర్నాడు నేను వెళ్ళేసరికి ప్రతి కార్డు తర్వాతా మిషను టిక్కుమని చిన్న చప్పుడు చేస్తోంది.

"ముడండి," అన్నారు మూర్తి గారు.

*

ఆ ముడులు పడుతుండగానే ఎనభైనాలుగో సంవత్సరం వచ్చింది.

ప్రతి కార్డుకీ చివర ఒక అంకె నొక్కాలి. అన్నీ పడితే ఒకటి, ఇంకా పడాల్సి ఉంటే రెండు, బిడ్డ పోతే మూడు, ఊరు విడిచి వెళ్ళిపోతే నాలుగు. మూడూ నాలుగూ నొక్కితే ఆ బిడ్డ పేరు మళ్ళీ ఏ జాబితాలోనూ రాదు.

"తల్లి కన్యక," అని చదివాను. నా పేరే. ఆ పేరు మా వాళ్ళలో ఇంటికొకరికి ఉంటుంది కాబట్టి ఆగలేదు. "తండ్రి వేంకటేశ్వర్లు. మగ. పుట్టిన తేదీ పద్నాలుగు, ఆరు, ఎనభైనాలుగు."

అది చినబాబు పుట్టినరోజు.

"మొదటి డోసండి?" అన్నారు మూర్తి గారు, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

"పడింది."

"రెండోది?"

"పడింది."

"మూడోది?"

గడి ఖాళీగా ఉంది. దాని మీద అడ్డంగా ఎర్రసిరాతో రాసి ఉంది. "వెళ్ళిపోయారు," అని చదివాను.

ఆయన నాలుగు నొక్కారు. ముడి చప్పుడైంది. తెర మీది గీత జారి మాయమైంది.

"తర్వాతదండి."

తర్వాతది చదివాను. ఆ తర్వాతది కూడా చదివాను. పేజీ అయ్యేదాకా చదివాను. అప్పుడు గుర్తొచ్చింది. పద్దెనిమిదేళ్ళ నేను బాలింత మంచం మీదున్నాను. కొత్తగా వచ్చిన చిన్న నర్సు కలం పట్టుకుని, "మీ ఆయన పేరేంటమ్మా?" అంటోంది. మొగుడి పేరు నోటితో ఎలా చెప్పను? నవ్వి, "ఏడుకొండలవాడి పేరేనండి" అన్నాను. ఆవిడ రాసుకుని వెళ్ళిపోయింది. ఆ పేరుతో మొదలయ్యేవి ఎన్నో ఉన్నాయి, అందులో ఏది రాసుకుందో నేను అడగలేదు. నా సిగ్గు తీరింది, అంతే.

ఇంటికెళ్ళేసరికి అమ్మ ఆవకాయకి మామిడి ముక్కలు తుడుస్తోంది.

"చినబాబుకి ఎన్ని టీకాలు వేయించావమ్మా?"

"అన్నీ వేయించాను. ఎన్నిసార్లు చెప్పాలే?"

"అన్నీ అంటే ఎన్ని?"

అమ్మ చెయ్యి కాస్త నెమ్మదించింది. "రెండుసార్లు ఎత్తుకెళ్ళాను. ఇంకోటుందని చెప్పింది రత్నమాణిక్యం. ఆపాటికి వాడికి ఐదో నెల, సారె పెట్టాలి, సున్నుండలు, చలిమిడి... మీ వాళ్ళు అక్కడ వేయిస్తారులే అనుకున్నా."

"వాళ్ళు నువ్వు వేయించావనుకున్నారు."

అమ్మ తుడిచిన ముక్కనే మళ్ళీ తుడిచింది. దాన్ని పళ్ళెంలో పెట్టి మళ్ళీ తీసింది. "ఈ బుధవారం పాపని తీసుకెళ్దాం," అంది.

బుధవారం రత్నమాణిక్యం గారిని అడిగాను. "ఆ మూడోది పడుంటే కాలు ఉండేదాండి?"

ఆవిడ దూది తడుపుతూ ఆగారు. "కచ్చితంగా అని చెప్పలేనమ్మా. మూడు పడ్డ పిల్లలకి కూడా ఎక్కడో ఒకరికి వచ్చింది. కానీ చాలా మందికి రాలేదు. జ్వరంలో ఆ సూది వెయ్యకుండా ఉండాల్సింది, అదీ నిజమే. మూడోది అక్కడా వెయ్యలేదని నాకు తెలిస్తే సామర్లకోటైనా సరే వచ్చేదాన్ననుకో. మరి నేనే ఎర్రసిరాతో కొట్టేశానుగా." పాప తొడ మీద తడి దూది అద్దారు. "కళ్ళు మూసుకో. పాప కాదు, నువ్వు."

పాప నోట్లో చుక్కలు పడ్డాయి. తొడకి సూది పడింది. ఆ సాయంత్రం జ్వరం వచ్చింది, తెల్లవారేసరికి పోయింది. మధ్యలో పాప కాలి వేళ్ళు ఎన్నిసార్లు కదిపి చూశానో నాకే తెలీదు.

*

మర్నాడు మూర్తి గారితో అన్నాను. "వెళ్ళిపోయారంటే నాలుగు నొక్కేస్తున్నారు. ఎక్కడికి వెళ్తామండి? అత్తారింటికే కదా. బిడ్డలేం గాల్లో కలిసిపోరు కదా."

ఆయన కుర్చీ వెనక్కి జరిపారు. చినబాబు సంగతి మొత్తం చెప్పాను. ఏడుకొండలవాడి ముక్క దగ్గర మాత్రం తల దించుకుని చెప్పాను. ఆయన నవ్వలేదు.

"ఎంతమందండి అలా?" అన్నారు.

ఇద్దరం కూర్చుని రిజిస్టర్లలో ఎర్రసిరా గీతలు చూశాం. మా ఊరి ఆడపడుచులంతా ఉన్నారు. మూడో నెలలో వెళ్ళినవాళ్ళు, ఐదో నెలలో వెళ్ళినవాళ్ళు. అందరూ నాలుగో అంకె కింద మాయమైనవాళ్ళే. మా ఊరికి పురిటికొచ్చి వెళ్ళడమే కదా వాళ్ళ నేరం.

మూడు రోజులు ఆయన భోజనానికి కూడా సరిగా లేవలేదు. నాలుగో రోజు నాలుగో అంకె నొక్కితే మిషను ఆగి, 'ఏ ఊరు?' అని అడిగింది. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట. ఊరి పేరు కొడితే, ఆ వారానికి ఎవరెవరికి ఎక్కడ టీకా పడాలో ఒక జాబితా అచ్చయి వస్తుంది. దాన్ని చూసి అక్కడి నర్సుకి పోస్టుకార్డు రాయాలి. కార్డులు ప్రింటరులో పెట్టి చూస్తే రెండు ఇరుక్కుపోయాయి. "చేత్తోనే రాద్దామండి. పెన్ను ఇరుక్కోదు," అన్నారు మూర్తి గారు. జవాబు కార్డు పెడదామన్న ఆలోచన రత్నమాణిక్యం గారిది. ఒకదానికొకటి అతుక్కుని వచ్చే జంట కార్డు. టీకా వేశాక అక్కడి నర్సు రెండోదాన్ని చింపి తేదీ రాసి పంపితే, ఇక్కడ ముడి పడుతుంది.

"మీ పాపతోనే మొదలెడదాం," అన్నారు మూర్తి గారు. "మీరు వచ్చే వారం వెళ్తున్నారు కదా. తల్లి కన్యక. ఊరు సామర్లకోట. మామగారు గున్నేశ్వరరావు. తండ్రి పేరు చెప్పండి."

నేను పాపని సర్దుకున్నాను. చీర చెంగు సర్దుకున్నాను. రత్నమాణిక్యం గారు ఊళ్ళోకి వెళ్ళారు, చెప్పడానికి ఇంకెవరూ లేరు.

"మా వీధిలో ఎవర్నడిగినా చెబుతారండి."

"వీధిని ఇక్కడికి తేలేను కదండీ."

తర్వాత ఆయనకే తోచినట్టుంది. లేచి కుర్చీ నా వైపు తిప్పారు. "నేను అటు తిరుగుతాను. మీరే కొట్టండి." కిటికీ దగ్గరికెళ్ళి తడిక మీద నీళ్ళు చల్లుతూ నిలబడ్డారు.

పాపని ఒక చేత్తో పట్టుకుని, రెండో చేతి చూపుడువేలితో మీటలు వెతుక్కున్నాను. పదమూడు అక్షరాలు. వెంకటరత్నం. ఆరేళ్ళ కాపురంలో ఆ పేరు నా నోటితో అనలేదు, నా చేత్తో రాయలేదు. తెర మీద ఆకుపచ్చగా వెలుగుతూ నాకేసి చూసింది. ఒక అక్షరం రెండుసార్లు పడింది. చెరిపి సరిచేశాను. ముడి చప్పుడైంది.

"అయిందాండి?"

"అయిందండి."

మర్నాడు చూస్తే ప్రశ్నల వరసే మారిపోయింది. ముందు తల్లి పేరు, తర్వాత పుట్టిల్లు, తర్వాత అత్తారి ఊరు. తండ్రి పేరు అన్నిటికన్నా చివర. దాని పక్కన, 'తల్లి చేత కొట్టించండి' అని ఉంది.

*

మూర్తి గారికి హైదరాబాదులో వేరే పని పడింది. వెళ్ళే ముందు వారం ఒక నోటుపుస్తకం నా చేత రాయించారు. మిషను ఏ రకంగా మొరాయిస్తే ఏం చెయ్యాలో పేజీకొకటి. ఆయన చెప్పింది నాకు అర్థమయ్యేదాకా చెప్పించుకుని, నాకొచ్చిన మాటల్లో రాశాను. 'ఊళ్ళ పట్టీ తెరు. చివరి ఊరి కింద కొత్త ఊరు రాయి. మూసెయ్.' అది ఏడో పేజీ.

"ఇంత వివరంగా ఎందుకండి? మీరు మళ్ళీ రారా?" అన్నాను.

"ఇంతకుముందు ఒక చోట దీనికంటే గొప్ప ప్రోగ్రాము రాశానండి. అన్నీ చేసేది. నేను వచ్చేసిన నెల రోజులకి ఏదో చిన్నది చెడింది. చూసేవాళ్ళు లేక మిషను మీద దుప్పటి కప్పేశారు. ఇప్పుడు దాని మీద టీ గ్లాసులు పెట్టుకుంటున్నారట." ఆయన కళ్ళజోడు తుడుచుకున్నారు. "దీన్ని మీ ఊరు నడుపుకోవాలి."

ఆఖరి రోజు ఊళ్ళ పట్టీలోంచి ఆయనే ఏదో చెరిపేసి, "ఇప్పుడిది చెడిపోయింది. నేను హైదరాబాదులో ఉన్నాను," అని చెప్పి బయటికెళ్ళి వరండా మెట్టు మీద కూర్చున్నారు. అమ్మ పంపిన తాటిముంజలు ఒళ్ళో పెట్టుకుని, మా వైపు వీపు తిప్పారు.

రత్నమాణిక్యం గారు సామర్లకోట అని కొట్టారు. ఆ ఊరు తెలీదంది మిషను.

"మూర్తి గారూ," అని కేకేశారావిడ.

"మూర్తి హైదరాబాదులో ఉన్నాడండి. ట్రంకు కాలు బుక్ చేసుకోండి. మూడు గంటలు పడుతుంది."

"చూశావా, ముంజలు మాత్రం హైదరాబాదుకి వెళ్ళినట్టున్నాయి," అన్నారావిడ నాతో.

ఏడో పేజీ తీశాం. పట్టీ తెరిచి ఊరి పేరు చేర్చి మూసేశాం. మళ్ళీ కొడితే మళ్ళీ తెలీదంది. మూడుసార్లు అదే మాట. రత్నమాణిక్యం గారు పుస్తకం మూసేసి, "నా వల్ల కాదమ్మా, నాకు సూది పొడవడమొక్కటే వచ్చు," అన్నారు. నేను తెరకి దగ్గరగా వంగి చూశాను. మిగతా ఊళ్ళ చివర ఏమీ లేదు. మేం చేర్చిన సామర్లకోట చివర చుక్క ఉంది. ఆవిడ ఇరవై ఏళ్ళుగా రిజిస్టరులో ప్రతి మాటకీ చుక్క పెట్టి ముగించే మనిషి.

చుక్క చెరిపాం. ముడి పడింది.

ఏడో పేజీ కింద, 'చుక్క పెట్టకు' అని రాశాను. వరండాలో మూర్తి గారు వెనక్కి తిరగలేదు గానీ, ముంజ తొక్క పక్కన పెట్టి చేతులు తుడుచుకోవడం కనిపించింది.

*

మే నెలాఖర్లో సారెతో సామర్లకోట చేరాను. రైల్లో వస్తూంటే కాలవలన్నీ కట్టేసి ఉన్నాయి. అడుగున బురద బీటలు తీసి, పడవలు ఒడ్డున బోర్లా పడి ఉన్నాయి. పాపకి రెండో టీకా జూన్ మొదటి వారంలో పడాలి. ఒకటి వేయించానని అత్తగారితో చెప్పాలి. రోజూ పొద్దున్నే చెబుదామనుకునేదాన్ని. ఆవిడ నల్ల కళ్ళద్దాలతో అరుగు మీద కూర్చుని చినబాబు కాలికి నువ్వులనూనె మర్దనా చేస్తుండేవారు. ఆ చేతుల్ని చూసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయేదాన్ని. మొదటి బుధవారం వచ్చి వెళ్ళిపోయింది. వంటింట్లో గోడకి ఆనుకుని నిలబడి, అమ్మ చేసిన తప్పే నేనూ చేస్తున్నాననుకున్నాను.

రెండో బుధవారం పొద్దున్న వీధి గుమ్మంలో ఎవరో పిలిచారు. చేతిలో ఐసు పెట్టె, చంకలో గొడుగు.

"గున్నేశ్వరరావు గారిల్లు ఇదేనాండి? నేను నర్సు చిట్టెమ్మనండి. కన్యక గారంటే ఎవరండి?"

"మా కోడలు," అన్నారు అత్తగారు. "ఏంటి సంగతి?"

"ఉత్తరం వచ్చిందండి, పాప కోసం."

"పాపకి ఉత్తరమేంటి? మూడున్నర నెలల పిల్లకి?"

"చదవమంటారా?" చిట్టెమ్మ గారు కార్డు దూరంగా పట్టుకుని చదివారు. "మా ఊరి ఆడపడుచు కన్యక, గున్నేశ్వరరావు గారి కోడలు, వెంకటరత్నం గారి భార్య, పాపతో మీ ఊరు వచ్చింది. మొదటి టీకా వేశాం. రెండోది పడాలి. వేశాక రెండో కార్డు మీద తేదీ రాసి పోస్టు చెయ్యగలరు. ఇట్లు రత్నమాణిక్యం. కింద ఇంకో ముక్క కూడా ఉందండి. కన్యకకి చెప్పండి, మొన్న మిషను మొరాయిస్తే ఏడో పేజీ చూసి నేనే నడిపించాను. మూర్తి గారికి ఫోను చెయ్యలేదు."

అత్తగారికి ఆ చివరి ముక్క పట్టలేదు. "అంటే ఒకటి పొడిపించేశావన్నమాట."

"అవునండి, అత్తయ్య గారూ."

"ఒకడి కాలు పోయింది చాలదా?"

నేను స్తంభం పట్టుకున్నాను. "చినబాబుకి రెండే పడ్డాయండి. మూడోది పడలేదు. రిజిస్టరులో చూశాను."

"మీ అమ్మ అన్నీ వేయించానందే."

"మీరు వేయిస్తారని అమ్మ అనుకుంది. అమ్మ వేయించిందని మీరనుకున్నారు. నేను ఎవర్నీ అడగలేదు."

నూనె గిన్నె మీద ఈగ వాలితే అత్తగారు తోలలేదు. చిట్టెమ్మ గారు గొడుగు చేతులు మార్చుకుని, మెల్లగా అన్నారు. "అప్పుడు నేనిక్కడే ఉన్నానండి. ఇలాంటి కార్డొకటి వచ్చుంటే గుమ్మంలోకి వచ్చేదాన్ని."

చినబాబు మోకాలు నొక్కుకుంటూ వచ్చి ఐసు పెట్టె మూత మీద చెయ్యి వేశాడు. చల్లగా ఉందని నవ్వాడు. అత్తగారు వాడి నవ్వు వచ్చిన వైపు తల తిప్పారు. తర్వాత నూనె చేతులు చెంగుకి తుడుచుకుని, "పిల్లని ఇటియ్యి," అన్నారు నాతో. పాపని ఒళ్ళోకి తీసుకుని గౌను పైకి మడిచారు.

"ఏ కాలికి వేస్తావు?"

"ఏ కాలికైనా ఒకటేనండి."

"అయితే ఎడం కాలికి వెయ్యి."

పాప కెవ్వుమంది. అత్తగారు కళ్ళద్దాల కింద కళ్ళు గట్టిగా మూసుకోవడం నేను చూశాను. చిట్టెమ్మ గారు రెండో కార్డు చింపి తేదీ రాసి నా చేతికిచ్చారు. "మీరే పోస్టు చేసెయ్యండి, నాకింకా పదిళ్ళున్నాయి." సాయంత్రం పాపకి జ్వరం వచ్చేలోపు, చినబాబుని చంకనేసుకుని వీధి చివర డబ్బా దాకా వెళ్ళాను. కార్డు వాడే వేశాడు. తిరిగొస్తుంటే వీధి పిల్లలంతా కాలవ గట్టుకి పరిగెడుతున్నారు. ఆనకట్ట దగ్గర నీళ్ళు వదిలారట, రేపటికి ఇక్కడికి వస్తాయట.

ఆ పూట పాప నుదుటి మీద తడిగుడ్డ అత్తగారే మార్చారు, నన్ను దగ్గరికి రానివ్వలేదు. పొద్దున్నకి ఒళ్ళు చల్లబడింది. పాప రెండు కాళ్ళూ తన్నుకుంటూంటే, ఆవిడ ఒక్కో కాలూ పట్టుకుని, వదిలి, మళ్ళీ పట్టుకుని చూశారు.

"మూడోది ఎప్పుడు?" అన్నారు.

"ఇంకో నాలుగు వారాలకండి. బుధవారం."

"క్యాలెండరులో ఆ రోజు మీద పసుపు బొట్టు పెట్టు. పెద్దదిగా పెట్టు, నాక్కనపడాలి."

పెట్టాను.

"మళ్ళీ కార్డు వస్తుందా?"

"వస్తుందండి."

ఆవిడ పాప కాలికి నూనె రాయడం మొదలుపెట్టారు. "రాకపోతే మనమే వెళ్దాంలే," అన్నారు.